మెయింటెనెన్స్ డబ్బులు నెలనెలా ఇప్పించే ఆఫీసు వరంగల్‌లో ఉందా?

అడిగిన ప్రశ్న, కుదించి: "కాజీపేటలో ఉంటాను. బాబుకు 9, పాపకు 5 ఏళ్లు. వరంగల్ బట్టల బజార్‌లో చీరల షాపులో పని, నెలకు 8,000 జీతం. మా ఆయన హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తాడు. కోర్టులో పిల్లలిద్దరికీ కలిపి నెలకు 7,000 మధ్యంతర మెయింటెనెన్స్ ఆర్డరైంది. రెండు నెలలు వేశాడు, ఆరు నెలల నుంచి పైసా లేదు. మూడు లక్షలు తీసుకుని ఇక అడగనని బాండు పేపర్ మీద రాసివ్వమని వాళ్ల పెద్దమనుషులు అంటున్నారు. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు, అక్కడ గవర్నమెంటే భర్త జీతంలోంచి కోసి తల్లికి ఇస్తుందని చెప్పింది. అలాంటి ఆఫీసు మన దగ్గర ఉందా? లాయర్‌కు ఇవ్వడానికి డబ్బుల్లేవు. వాయిదాకు పాపను తీసుకుపోవాలా?"

అమ్మా, కోర్టు ఆఫీసులో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మెయింటెనెన్స్ కేసుల కట్టలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. అలాంటి ఆఫీసు మన దగ్గర లేదు. వరంగల్‌లో లేదు, హైదరాబాద్‌లో లేదు, దేశంలో ఎక్కడా లేదు. "నెలకు వెయ్యి కట్టండి, మేం ఇప్పిస్తాం" అంటూ ఎవరైనా వస్తే వాళ్లు దళారులు, దూరం పెట్టండి.

మీ అక్క చెప్పింది మాత్రం నిజమే. అమెరికాలో 1975లో వచ్చిన చట్టంతో ప్రతి రాష్ట్రంలోనూ ఈ పని చూసే ప్రభుత్వ విభాగం ఏర్పడింది. డాలస్ ఉన్న టెక్సస్‌లో అది అటార్నీ జనరల్ ఆఫీసు కింద నడుస్తుంది. 1996 చట్టం తర్వాత డబ్బు ఒకే చోటికి వచ్చి అక్కడి నుంచి పంచే ఏర్పాటు ప్రతి రాష్ట్రం చేసుకోవాల్సి వచ్చింది. తండ్రి పనిచేసే కంపెనీకి నోటీసు వెళ్తుంది, జీతంలోంచే కోత పడుతుంది, అది తల్లి ఖాతాకో కార్డుకో చేరుతుంది. బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు కూడా ఇవ్వరు. అక్కడ తండ్రి ఎగ్గొడితే ఆఫీసు వెంటపడుతుంది. ఇక్కడ వెంటపడాల్సింది మీరు.

ఇంకో మాట చెప్తాను, ఇది చాలామందికి తెలియక నష్టపోతారు. మీకు డబ్బు రాలేదన్న సంగతి కోర్టుకు తెలియదు. ఆర్డర్ మీద సంతకం అయ్యాక ఫైలు బీరువాలోకి వెళ్తుంది. ప్రతి నెలా ఐదో తారీఖున "ఈమెకు పడ్డాయా లేదా" అని చూసే మనిషి ఎవరూ ఉండరు. మీరు ఊరుకున్నంత కాలం, కోర్టు లెక్కలో మీకు డబ్బులు అందుతున్నట్టే. "ఆర్డర్ వచ్చింది కదమ్మా, ఇంకెందుకు వస్తున్నారు" అని ఎవరైనా విసుక్కుంటే దానర్థం ఇదే. ఆర్డర్‌ను అమలు చేయించడానికి మళ్లీ ఒక పిటిషన్ వేయాలి. ఎన్నిసార్లు ఎగ్గొడితే అన్నిసార్లు వేయాలి.

దానికి గడువుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 125 అనేవాళ్లం, 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144. లాయర్లు ఇప్పటికీ అలవాటు కొద్దీ "నూట ఇరవై అయిదు" అనే అంటారు, కంగారు పడకండి. దీని ప్రకారం, ఒక నెల డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే ఆ నెల బకాయికి వారంట్ ఇస్తారు. ఏడాది దాటిందా, ఆ నెలకు ఈ దారి మూసుకుపోయినట్టే. పరకాల వైపు నుంచి వచ్చిన ఒకామె నాకు ఇప్పటికీ గుర్తు. "మా బావగారు మాటిచ్చారు, పత్తి అమ్మగానే మొత్తం ఇప్పిస్తానన్నారు" అని రెండు పత్తి పంటలు ఎదురుచూసింది. ఆమె పిటిషన్ వేసేసరికి సగం బకాయి గడువు దాటిపోయింది. బావగారి మాటకు కోర్టులో నంబరు ఉండదు కదా.

మీది ఆరు నెలలే అయింది కాబట్టి మొత్తం 42,000 ఇంకా గడువులోనే ఉంది. పిటిషన్ ఒకసారి వేశాక అది కోర్టులో ఎన్నాళ్లు నానినా, ఆ బకాయికి గడువు సమస్య రాదు. అందుకే ముందు వేసేయండి. "వచ్చే నెల చూద్దాం" వద్దు.

పిటిషన్‌కు ఏం కావాలంటే, మొదట ఆర్డర్ కాపీ. మెయింటెనెన్స్ ఆర్డర్ ఎవరికి అనుకూలంగా వచ్చిందో వాళ్లకు కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే రాసి ఉంది. చాలామంది ఈ సంగతి తెలియక జిరాక్స్ షాపుల చుట్టూ తిరుగుతారు. తర్వాత బ్యాంకు పాస్‌బుక్, ఆర్డర్ వచ్చిన రోజు నుంచి ఈరోజు దాకా ఎంట్రీలు వేయించి. దాన్ని చూసి ఒక తెల్ల కాగితం మీద నాలుగు గీతలు గీయండి: నెల, రావాల్సింది, వచ్చింది, బాకీ. ఇది చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది కానీ ఈ కాగితం లేకుండా వచ్చిన కేసులే ఎక్కువ వాయిదాలు పడతాయి. అవతలి లాయర్ లేచి "కొంత కట్టాం, లెక్క తేలాలి" అంటాడు, జడ్జిగారు ఇద్దరినీ లెక్కలు తెమ్మంటారు, ఇంకో నెల పోతుంది.

ఈ లెక్కలోనే ఇంకో చిక్కు ఉంది. పండక్కో పుట్టినరోజుకో ఫోన్‌పేలో వెయ్యి, రెండు వేలు పంపి తర్వాత అదంతా మెయింటెనెన్సేనని చెప్పే మగాళ్లు చాలామందే. స్కూల్లో ఒక టర్మ్ ఫీజు కట్టి, మూడు నెలల మెయింటెనెన్స్ అందులోనే అయిపోయిందనేవాళ్లూ ఉన్నారు. అందుకే ఇకమీదట డబ్బు ఒకే ఖాతాలోకి రానివ్వండి. చేతికి నగదు ఇస్తే పుచ్చుకోకండి. పుచ్చుకోక తప్పని పరిస్థితి వస్తే "ఫలానా నెల మెయింటెనెన్స్, ఇంత ముట్టింది" అని ఆయనకు అదే రోజు మెసేజ్ పెట్టండి.

ఇక మీకు బాగా పనికొచ్చే సంగతి. ఆయన ఉద్యోగి. మీ అక్క చెప్పిన జీతంలో కోత ఇక్కడ దానంతట అది జరగదు, కానీ అడిగితే జరుగుతుంది. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహ కేసులో తీర్పు ఇస్తూ, మెయింటెనెన్స్ ఆర్డర్‌ను సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా (డబ్బు కట్టమని ఇచ్చే తీర్పులాగా) కూడా అమలు చేయొచ్చని చెప్పింది. అంటే ఆస్తి జప్తు, జీతం జప్తు అన్నీ వస్తాయి. గృహహింస చట్టం కింద కూడా కేసు ఉంటే ఇంకా సులువు. దాని సెక్షన్ 20లో, భర్త కట్టకపోతే అతని యజమానే జీతంలో కొంత నేరుగా భార్యకు ఇవ్వాలనో కోర్టులో జమ చేయాలనో ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా ఉంది. ఇవేవీ కోర్టు తనంతట తాను చేయదు. పిటిషన్ ప్రార్థనలో "జీతం జప్తు చేయాలి" అని ఒక వాక్యం ఉండాలి, కింద కంపెనీ పేరు, పూర్తి చిరునామా, దొరికితే ఉద్యోగి నంబరు ఉండాలి. మీ దగ్గర ఆయన పాత పేస్లిప్, ఐడీ కార్డు ఫోటో, బ్యాంకులో జీతం పడ్డ మెసేజ్ ఏది ఉన్నా తీసి పెట్టండి. అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తి, ఆదాయం, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఆయన వేసింది మీ ఫైల్లో ఉండాలి, లేకపోతే వేయించమని అడగండి. జీతం తక్కువ చూపించి ఉంటే అక్కడే దొరుకుతాడు.

ఊళ్లో భూమి ఉందా? ఆయన పేరు మీద ఉంటే తెలంగాణ భూముల రికార్డులుండే భూభారతి పోర్టల్‌లో వివరాలు తీసి జత చేయండి. బకాయిని కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేసే పద్ధతి కూడా ఉంది. మామగారి పేరు మీద ఉన్న భూమిని మాత్రం ముట్టుకోలేరు. కేసు పడగానే పట్టా నాన్న పేరుకు మార్పించిన కొడుకులను చూశాను కాబట్టి ఈ పని ఆలస్యం చేయకండి. ఇది మీకంటే గల్ఫ్‌లో భర్తలు ఉన్న కరీంనగర్, జగిత్యాల చెల్లెళ్లకు ఎక్కువ పనికొస్తుంది. దుబాయ్‌లో ఉన్న మనిషికి నోటీసు అందించడమే పెద్ద యాతన. ఊళ్లో అతని పేరు మీద ఉన్న రెండెకరాలు మాత్రం ఎక్కడికీ పోవు.

జైలు సంగతి అందరూ అడుగుతారు. కారణం లేకుండా కట్టకపోతే వారంట్ ఇచ్చి, కట్టని ప్రతి నెలకూ గరిష్ఠంగా ఒక నెల దాకా, లేదా డబ్బు కట్టే దాకా జైల్లో పెట్టొచ్చు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ మాఫీ కాదు, సుప్రీంకోర్టు ఈ మాట ఎప్పుడో తేల్చి చెప్పింది. "జైల్లో పెడితే డబ్బెట్లా వస్తుంది మేడమ్" అని నన్ను ఎంతోమంది ఆడవాళ్లు అడిగారు. జైలు దాకా వెళ్లినవాళ్లు నేను చూసినంతలో తక్కువే. వారంట్ పట్టుకుని పోలీసు ఇంటికి వెళ్లిన రోజు సాయంత్రానికి, ఆరు నెలలుగా లేని డబ్బు కోర్టు ఆవరణలో చెట్టు కింద చందాలేసుకున్నట్టు పోగవుతుంది. అక్క కొంత, చిన్నాన్న కొంత, ఆఖరికి అత్తగారి చెవి కమ్మలు. ఆ దృశ్యం చూసి సంతోషపడలేను, కానీ వారంట్ పనిచేసేది అలాగే. ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడని కూడా బెంగ వద్దు, అతను ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేట్ కూడా ఆ ఆర్డర్‌ను అమలు చేయొచ్చు.

డబ్బు ఎక్కడ పడాలన్నది ఆర్డర్‌లో ఉందో లేదో చూడండి. "కోర్టులో డిపాజిట్ చేయాలి" అని ఉంటే మీ పని రెట్టింపు. ఆయన కోర్టులో కడతాడు, అది తీసుకోవడానికి మీరు చెక్ పిటిషన్ వేయాలి, ఆర్డర్ కావాలి, చెక్కు తయారవ్వాలి. నేను పనిచేసిన ఒక చోట ములుగు వైపు నుంచి ఒక కూలి మనిషి నెలకు 2,000 కోసం నెలకు రెండుసార్లు వచ్చేది. ఒకసారి సమ్మక్క జాతర రోజుల్లో వాయిదా పడింది, బస్సులన్నీ మేడారం వైపు. ఆమె కోర్టుకు చేరేసరికి సాయంత్రమైంది, ఆ రోజు చెక్కు ఇవ్వలేకపోయాం. బస్సు ఖర్చు, పోయిన కూలి లెక్కేస్తే ఆ 2,000లో ఆమెకు మిగిలిందెంతో నాకు తెలుసు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, ఏ తేదీలోపు అన్నది ఆర్డర్‌లోనే రాయించమని మొదటి రోజే ఎవరో ఒకరం చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు, నేను కూడా. మీ ఆర్డర్‌లో ఖాతా నంబరు లేకపోతే, ఈ పిటిషన్‌తో పాటే దాన్ని కూడా అడగండి.

లాయర్ ఖర్చు గురించి. మీకు లాయర్ ఉచితం. 1987 న్యాయ సేవల చట్టంలో మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం తెమ్మని ఎవరైనా అంటే ఇదే మాట చెప్పండి. హనుమకొండలో అదాలత్ దగ్గర కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ ఒక అర్జీ రాసి, ఆధార్, ఆర్డర్ కాపీ ఇస్తే ప్యానెల్ లాయర్‌ను పెడతారు. ముందు ఫోన్‌లో అడగాలంటే 15100. "ఫ్రీ లాయర్ ఏం చేస్తాడు" అని చప్పరించేవాళ్లు ఉంటారు. ప్యానెల్లో చురుకైన కుర్ర లాయర్లూ ఉన్నారు, వాయిదాకు ముఖం చూపించనివాళ్లూ ఉన్నారు. రెండో రకం తగిలితే మార్చమని అర్జీ పెట్టొచ్చు, మొహమాటం అక్కర్లేదు. మీ కేసుకు 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అది రాసిపెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. గుమాస్తాకు ఫోన్ చేసి బతిమాలే పని తప్పుతుంది.

బాండు పేపర్ విషయంలో నా అభిప్రాయం ఖరాఖండిగా చెప్తాను: సంతకం పెట్టకండి. మూడు లక్షలను ఏడు వేలతో భాగించండి, 43 నెలలు కూడా నిండవు. అప్పటికి పాపకు ఇంకా తొమ్మిదేళ్లు కూడా రావు. పద్దెనిమిది దాకా ఉన్న మిగతా తొమ్మిదేళ్ల పైచిలుకు ఎవరు చూస్తారు? పిల్లల తరఫున మెయింటెనెన్స్ వదులుకునే హక్కు తల్లికి లేదు, కాబట్టి అలా రాసిచ్చినా రేపు పిల్లలు అడిగితే ఆ కాగితం అడ్డురాదు. కానీ మీరు ప్రతి వాయిదాలోనూ ఆ కాగితానికి జవాబు చెప్పుకుంటూ ఉండాలి. "ఇగ అడుగనని రాసిచ్చినవ్ కదమ్మా, పెద్దమనుషులు సాక్షి" అని నిలదీస్తారు. రాజీ పడటం తప్పని నేను అనను. కొన్ని ఇళ్లల్లో అదే మంచిది. పడితే కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో పడండి, పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ అని స్పష్టంగా రాయించండి. అయితే లోక్ అదాలత్ అవార్డు (అక్కడ రాజీ మీద ఇచ్చే తీర్పు) మీద అప్పీలు ఉండదు, సంతకానికి ముందు ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్లి చదువుకోండి.

భర్త ఇచ్చే డబ్బుతో సంబంధం లేకుండా పిల్లలకు ప్రభుత్వం ఇచ్చేది ఒకటుంది. మీరు అడిగిన "సర్వీసు"కు దగ్గరగా ఉన్నది అదే. కేంద్రం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 ఇస్తారు. తండ్రి చనిపోయిన, విడాకులైన, వదిలేయబడ్డ తల్లుల పిల్లలు దీని కిందికి వస్తారు. కుటుంబ ఆదాయం ఊళ్లల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. మీ జీతం ఏడాదికి లెక్కేస్తే సరిగ్గా 96,000, గీత మీద ఉన్నారు. షాపులో రాసిచ్చే జీతం కాగితంలో బోనస్‌లూ గట్రా కలిపి ఎక్కువ రాయకుండా చూసుకోండి, ఉన్నదే రాయించండి. మీసేవలో ఆదాయ పత్రానికి పెట్టుకోండి.

దరఖాస్తు ఇవ్వాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. మీరు పనిచేసేది వరంగల్ అయినా ఉండేది కాజీపేట కాబట్టి మీది హనుమకొండ జిల్లా. 2021లో పేర్లు మారినప్పటి నుంచి జనం ఈ ఆఫీసుకూ ఆ ఆఫీసుకూ తిరుగుతూనే ఉన్నారు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఇంటికి వచ్చి విచారణ చేస్తారు, తర్వాత కమిటీలో పెడతారు. నిధులను బట్టి ఎంపిక చేస్తారు, అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ వెంటనే వస్తుందని ఆశ పెట్టను. పిల్లలు బడికి వెళ్తూ ఉండాలి, మానేస్తే డబ్బు ఆగుతుంది. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఇక్కడ ఎక్కువ మంది ఇరుక్కునేది ఆధార్ దగ్గర. ఆధార్ మీద పంపే డబ్బు, మీరు ఫారంలో రాసిన ఖాతాకు కాకుండా ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాకు వెళ్తుంది. అది ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతా కావచ్చు. బ్యాంకులో "డీబీటీకి (ప్రభుత్వం నేరుగా వేసే డబ్బుకు) ఏ ఖాతా లింకై ఉంది" అని అడిగి చూసుకోండి. మైనర్ ఖాతాకు తల్లి గార్డియన్‌గా ఉండొచ్చు, తండ్రి సంతకం కావాలంటే ఒప్పుకోకండి. పాపకు అయిదేళ్లు నిండాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించాలి. బాబుది అప్పట్లో చేయించారో లేదో కూడా చూడండి.

ఇంకా రెండు చిన్న సంగతులు. ఇది మధ్యంతర ఆర్డర్ కాబట్టి అసలు కేసు ఇంకా నడుస్తోంది, దాని వాయిదాలు వదిలేయకండి. మీరు రాలేదని కేసు కొట్టేస్తే ఈ ఏడు వేలు కూడా పోతాయి. పిల్లలు పెద్ద తరగతులకు వచ్చి ఖర్చు పెరిగితే మొత్తం పెంచమని కూడా అడగొచ్చు, ఫీజు రసీదులు దాచిపెట్టండి.

పాపను వాయిదాకు తీసుకుపోవాల్సిన పనిలేదు, జడ్జిగారు ప్రత్యేకంగా తెమ్మంటే తప్ప. బడికి పంపండి. మీరు మాత్రం పదిన్నరకల్లా హాల్లో ఉండండి, టిఫిన్ డబ్బా తెచ్చుకోండి. పిలుపు పొద్దున్నే రావచ్చు, మధ్యాహ్నం మూడింటికీ రావచ్చు.